సీటు కింది చెక్క

నా చిన్నప్పుడు నా చేతులు ఎప్పుడు చూసినా గ్రీజు వాసన కొట్టేవి. ఆడపిల్ల చేతులకు గిదేం వాసనే అని నన్ను కన్న అవ్వ సబ్బు పెట్టి తోలు ఊడేటట్టు రుద్దేది. అయినా పోకపోయేది. మా బాపు పాస్టరు అయ్యగారి కారు తోలేటోడు. ఆ కారుకు హ్యాండ్ బ్రేకు సరిగ పట్టకపోయేది. కారు ఆగినప్పుడల్లా దిగి టైరు కింద చెక్క పెట్టుడు నా పని. ఇప్పుడు నాకు డెబ్బై దాటినయి. కరీంనగర్ల కొడుకు ఇంట్ల కాలు మీద కాలేసుకొని కూసున్న. గీ ముచ్చట మాత్రం ఇన్నేండ్లు ఎవలకూ చెప్పలే. చెప్పుకునేటంత గొప్ప ముచ్చట కాదు, సిగ్గు ముచ్చట.

మాది జైనూర్ దిక్కు గుట్టల నడుమ ఒక చిన్న ఊరు. మా మందిరం గుట్ట వాలు మీద ఉండేది. దాని ఎన్కనే ఒక అర్ర మాకు ఇచ్చిన్రు, బాపు కారు తోలినన్ని రోజులు ఉండెటందుకు. అయ్యగారు చుట్టుపక్కల నాలుగూర్ల సంఘాలు చూసుకునేటాయన. ఆయన తిరిగేది ఒక బూడిద రంగు పాత కారుల. తలుపు ఒకటి తాడుతోని కట్టాలె. హారన్ కొడితే మేక అరిసినట్టు అరిసేది. డ్రైవరు సీటు పక్కన ఉండే హ్యాండ్ బ్రేకును గుంజితే కట్ కట్ కట్ అని లోపలి పళ్ల చక్రంల పన్నెండు పళ్లు ఎక్కి బాపు సంక దాకా వచ్చేది. అంత గుంజినా వాలు మీద బండి మెల్లగ ఎన్కకు జరిగేది. గేరుల పెట్టి ఆపుదామంటే ఆ గేరు దానంతటదే జారేది.

అందుకని బాపు టేకు మొద్దులకెళ్లి మూడు మూలల చెక్క ఒకటి చెక్కిండు. ఒక దిక్కు మందం, ఇంకో దిక్కు పల్చన. గుంజెటందుకు చిన్న తాడు కట్టిండు. డ్రైవరు సీటు కింద దాని జాగ. మాకొక పద్ధతి ఉండేది. బండి ఆగంగనే బాపు కాలు బ్రేకు మీదనే ఉంచేటోడు. నేను దుంకి, ఎన్క టైరు కింద చెక్క దూర్చి, మడిమెతోని రెండు సార్లు తన్ని, పెట్టిన అని అరవాలె. నేను అరిసేదాకా బాపు కాలు తియ్యకపోయేటోడు. అరిసిన తర్వాత దిగి చూసేది లేకుండె. నా మాట మీద దిగేటోడు, అంతే.

మొదట్ల నాకు మస్తు సంబురం. అయ్యగారంతటి అయ్యగారు సుత నా మాట కోసం కారుల ఆగి కూసునేటోళ్లు గదా. కాని పదేండ్లు వచ్చినంక బడిల పిల్లలు నాకు పేరు పెట్టిన్రు, చెక్క అని. ఏయ్ చెక్కా, ఇటు రావే చెక్కా. నేను బెంచి మీద కూసుంటే, అమ్మో బెంచి జరగదు ఇగ, చెక్క పడ్డది అని నవ్వేటోళ్లు. నేను ఇంటికొచ్చి అన్నం కాడ మూతి ముడుచుకునేదాన్ని. ఏమైంది బిడ్డా అని బాపు అడిగితే ఏం లే అనేదాన్ని.

బాపు గురించి ఒక మాట చెప్పాలె. నాకు ఊహ తెలిసిననాడు ఆయన తాగేటోడు. మా దిక్కు ఇప్పపువ్వు సారా ఇంటింటికీ దొరికేది. ఈ ముచ్చటకు మూడేండ్ల ముంగట అవ్వకు పానం మీదికి వచ్చినప్పుడు ఒక ఆదివారం మందిరంల అందరి ముంగట నిలబడి, ఇగ ముట్ట అని ఒట్టు పెట్టుకున్నడు. ఆ ఒట్టును నమ్మే అయ్యగారు కారు తాళం చెయ్యి చేతుల పెట్టిన్రు. మల్ల ముట్టినట్టు తెలిస్తే తాళం చెయ్యి పోతది, అర్ర పోతది. ఊరంతా ఆయన నడకను చూసేది. జర తట్టుకొని నడిచినా, జర గట్టిగ మాట్లాడినా కండ్లు అటే తిరిగేవి. మూడేండ్లు ఆయన ఆ కండ్ల నడుమనే బతికిండు.

ఆ ఏడు కోత పండుగ వచ్చింది. పంటలు ఇంటికి రాంగనే మా సంఘపోళ్లు తొలి పంట మందిరానికి తెచ్చేటోళ్లు. మక్క కంకులు, జొన్నలు, పత్తి, గుమ్మడికాయలు, కోళ్లు అన్నీ ముంగట కుప్ప పోసి పాటలు పాడేటోళ్లు. ఆ రోజు ఆడపిల్లలం ఆరుగురం పాట పాడాలె. అవ్వ నాకు తెల్ల గౌను కుట్టింది. అంచుకు దారంతోని పూలు అల్లింది. దానికోసం చిమ్నీ దీపం ముంగట ఎన్ని రాత్రులు కూసున్నదో నాకు ఎర్కనే.

పొద్దుగాల పక్కూరి నుంచి అయ్యగారిని తీసుకొని మందిరం కాడికి వచ్చినం. బండి వాలు మీద ఆగింది. అయ్యగారు దిగి లోపలికి పోయిన్రు. తలుపు కాడ నాతోని పాడే పిల్లలు ఐదుగురు నిలబడి నా దిక్కే చూస్తున్రు. ఒకతి చెయ్యి అడ్డం పెట్టుకొని ఏదో అన్నది, మిగిలినోళ్లు కిసుక్కున నవ్విన్రు. చెక్కకు నిన్నటి బురద, ఎప్పటిదో గ్రీజు. నా గౌనేమో మల్లెపువ్వు.

నేను చెక్క ముట్టలే. వట్టి చేతులతోని దిగి, టైరు ఎన్కకు పోయి, వంగినట్టు చేసిన. పెట్టినవా బిడ్డా అని బాపు అడిగిండు. పెట్టిన అన్న. బాపు హ్యాండ్ బ్రేకు మొత్తం గుంజి, బ్రేకు మీదకెళ్లి కాలు తీసిండు. ఆనాడు ఎట్లనో పట్టింది. బండి కదల్లే. చూసినవా, ఊకెనే గోల, చెక్క లేకున్నా ఆగుతది అనుకున్న. గౌను దులుపుకొని పోయి పాట పాడిన. మస్తు మంచిగ పాడినమని అందరు చప్పట్లు కొట్టిన్రు.

ఆరాధన అయినంక కానుకలన్నీ కారు డిక్కిల ఎక్కించుడు మొదలైంది. జొన్న బస్తాలు రెండు, గుమ్మడికాయలు, కంకుల గంపలు. బాపు ఇంకో బస్తా తెచ్చెటందుకు లోపలికి పోయిండు. కారుకు ఎన్క, గోడ నీడల గేటింటి అమ్మమ్మ కూసొని కంకులు ఏరుతున్నది. మందిరం గేటు పక్క గుడిసెల ఒంటిగ ఉండేది గనుక పిల్లలమంతా ఆమెను అట్లనే పిలిచేటోళ్లం. కూలికి పోయి పత్తి ఏరుకొని బతికేది.

బరువు పడంగనే బండి కదిలింది. సప్పుడు లేకుండ, మెల్లగ ఎన్కకు. ఎవలో కెవ్వుమన్నరు. అమ్మమ్మ లేవబోయి గంప తట్టుకొని చెయ్యి మీద పడ్డది. బండి ఆమె పక్క నుంచే పోయి గోడకు గుద్దుకొని ఆగింది. ఇంకొక్క జానెడు ఇటు వస్తే ఏమయ్యేదో నేను ఇప్పటికీ తల్చుకోను. బాపు బస్తా పారేసి ఉరికొచ్చిండు. ఆమెను రెండు చేతులతోని ఎత్తుకొని, కట్టు కట్టే ఆయన ఇంటిదాక మోసిండు. కుడి చెయ్యి మణికట్టు ఇరిగింది. వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టిన్రు. పత్తి ఏరుడు మొదలైన వారానికే ఆ ఏటి కూలి ఆమెకు పోయింది.

తిరిగొచ్చినంక బాపు కారు కాడికి పోయి డ్రైవరు తలుపు తెరిచి లోపలికి వంగిండు. చానాసేపు వంగే ఉన్నడు. నేను అవ్వ కొంగు పట్టుకొని దూరం నుంచి చూస్తున్న. లేచిండు, తలుపు మూసిండు, నా దిక్కు చూడలే. చెక్క పెట్టలేదా ఏంది అని అయ్యగారు అడిగితే, నేను దిగి చూసుకోలేదయ్యగారూ, తప్పు నాదే అన్నడు.

అయ్యగారు తాళం చెయ్యి తీసుకున్నరు. వచ్చే ఆదివారం పెద్దలు కూసొని మాట్లాడుదామన్నరు. ఆ వారం రోజులు ఊర్ల ఒకటే మాట, మల్ల మొదలు పెట్టిండట అని. పండుగ పూట మందిరం ముంగటనే తాగొచ్చిండట. చూసినోళ్లు ఒక్కలు లేరు, చెప్పెటోళ్లు ఊరంతా. అదట్ల పోనియ్. ఒకనాడు బాపు తానం చేస్తుంటే అవ్వ ఆయన తువ్వాల తీసి వాసన చూసింది. నేను చూసిన. బాపు సుత చూసిండు. నిజం చెప్పు, ముట్టినవా అని అడిగింది. ముట్టలే అన్నడు. అవ్వ తువ్వాలను దండెం మీద ఏసి పొయ్యి కాడికి పోయింది. ఆమె నమ్మలే. నేను పక్కనే నిలబడ్డ. ఒక్క మాట అంటే అయిపోతుండె. నోట్లె ఏం పెట్టుకున్ననో, ఆ మాట రాలే.

ఆదివారం వచ్చింది. ఆరాధన అయినంక పెద్దమనుషులు బెంచి మీద, మిగిలినోళ్లు చాపల మీద కూసున్నరు. బాపు నిలబడ్డడు. బ్రేకు వదులుగ ఉన్నదని నాకు ముందే ఎర్క, చూసుకునుడు నా పని, చూసుకోలే అన్నడు. తాగినవా అని ఒకాయన సూటిగ అడిగిండు. తాగలే అన్నడు. బెంచి మీదోళ్లు ఒకల మొకం ఒకలు చూసుకున్నరు. ఆ చూపే అన్నిటికన్న పాడు. ఇంకొక పెద్దమనిషి నా దిక్కు తిరిగి, రోజూ చెక్క పెట్టేది గీ పిల్లే గదా, ఏం పిల్లా, పెట్టినవా ఆనాడు అని అడిగిండు.

గంతల్నే బాపు అడ్డం వచ్చి, పిల్లను అడగకున్రి, బండి నాది, జవాబు నాది అన్నడు.

నా పానం కుదుటపడ్డది. నిజం చెప్తున్న, దాసుకునేదేముంది ఇప్పుడు. హమ్మయ్య అనుకున్న. నా కన్నతండ్రి అందరి ముంగట తల దించుకొని నిలబడితే నేను హమ్మయ్య అనుకున్న. అబద్ధం చెప్పుడు కన్న ఆ హమ్మయ్యే నన్ను ఎక్కువ కరుస్తది. థూ నా బతుకు అని అనిపిస్తది.

అప్పుడు ఆడోళ్ల నడుమ నుంచి గేటింటి అమ్మమ్మ లేచింది. ఇరిగిన చెయ్యి చీర కొంగుతోని మెడకు కట్టుకున్నది. ఆమె మాట ఇప్పటికీ నా చెవుల ఉన్నది. "నన్ను ఎత్తుకొని మోసింది గీ పిలగాడే. దారి పొంట వాని నోరు నా మొకం కాడనే ఉండె. ప్రభువా ప్రభువా అని ఏడ్సుకుంట ఉరికిండు. సారా వాసన నాకు ఎర్క లేదా? ఇరవై ఏండ్లు తాగుబోతుతోని సంసారం చేసిన. వాసన లేదు. తాళం చెయ్యి ఇచ్చెయ్యున్రి."

అంతే, కూసున్నది. అయ్యగారు లేచి బాపు చేతుల తాళం చెయ్యి పెట్టిన్రు. అవ్వ చెంగు నోట్లె కుక్కుకొని ఏడ్సింది. చెయ్యి ఇరిగినామె బాపు కోసం లేచింది. రెండు చేతులు మంచిగున్న నేను చాప మీదకెళ్లి లేవలే.

తెల్లారి సోమారం బాపు జాకీ, నట్లు తిప్పే పానలు అడుక్కొచ్చిండు. హ్యాండ్ బ్రేకు తీగ సాగింది, బిగించాలె అన్నడు. మా దగ్గర సాపు జాగ లేదు, ఉన్నదంతా వాలే. బండిని గుట్ట దిక్కు మొకం పెట్టి ఆపి, ఎన్క దిక్కు జాకీతోని లేపి రెండు మొద్దులు పెట్టిండు. ఎన్క చక్రాలు గాల్లె ఉన్నయి. తీగ బిగించాలంటే హ్యాండ్ బ్రేకు కిందికి వదలాలె, గేరు తియ్యాలె. ముంగటి టైరు జారితే మొద్దులు ఒరుగుతయి, బండి మీద పడ్తది. ఇగ దాన్ని ఆపేది చెక్క ఒక్కటే. గీ సంగతి నాకు వివరంగ చెప్పిండు, బడిల సారు చెప్పినట్టు. చెప్పి, చెక్క నా చేతికి ఇచ్చిండు.

ముంగటి టైరు ఎన్క చెక్క పెట్టిన. మడిమెతోని తన్నిన. పెట్టినవా బిడ్డా అని అడిగిండు. పెట్టిన అన్న.

బాపు వంగి చూడలే. గోనెసంచి పరుసుకొని, ఎల్లెలకల పండుకొని, బండి కిందికి జరిగిండు. పాదాలు రెండే బయట మిగిలినయి.

నేను చెక్కను ఇంకోసారి తన్నిన. మల్ల తన్నిన. ఉరికి పోయి రెండు రాళ్లు తెచ్చి దాని ఎన్క పెట్టిన. అయినా నా మనసు పట్టలే. మట్టిల కూలబడి రెండు చేతులతోని ఆ చెక్కను అదిమి పట్టుకున్న. బండి జారితే పదేండ్ల పిల్ల చేతులు ఆపుతయా? ఆపవు. ఆపవని ఎర్కనే పట్టుకున్న. లోపల పాన తిరుగుతున్న సప్పుడు. తుప్పు రాలుతుంటే బాపు దగ్గుతున్నడు.

కొద్దిసేపటికి లోపల నుంచి పిలిచిండు, పోయి సీట్ల కూసొని బ్రేకు గుంజు, ఎన్ని పళ్లు ఎక్కుతున్నయో చెప్పు అని. నేను కదల్లే. మల్ల పిలిచిండు. నేను రాను, చెక్క ఇడవ అన్న. ఎందుకే అన్నడు. ఇగ ఆగలే నాకు. ఆనాడు పెట్టలే బాపూ, పెట్టినని అబద్ధం చెప్పిన, గౌను మాస్తదని, పిల్లలు నవ్వుతరని పెట్టలే. ఆయన పాదాలకు చెప్పిన ఆ మాటలన్నీ. మొకం కనిపిస్తే చెప్పేదాన్నో లేదో.

పాన సప్పుడు ఆగింది. జర సేపటికి మల్ల తిరిగింది. "నాకు ఎర్కనే బిడ్డా. ఆనాడే చూసిన, చెక్క సీటు కిందనే ఉండె."

మరి ఇప్పుడు చూడకుండ కిందికి ఎందుకు పోయినవు అని ఎక్కిళ్లు పెట్టుకుంట అడిగిన.

"నువ్వు పెట్టిన అన్నవు గదా."

ఆ మాట అంటున్నప్పుడు గొంతుల కోపం లేదు, బుజ్జగింపు సుత లేదు. మంచినీళ్లు తే అన్నట్టే అన్నడు. తర్వాత, ఏడుపు అయినంక పోయి బ్రేకు గుంజు, తొందరేం లేదు అన్నడు.

పోయి గుంజిన. తొమ్మిది పళ్లు. వదులు అన్నడు, పాన తిప్పిండు. గుంజిన, ఏడు. చక్రాల దగ్గర లోపలి బిగువు సుత సదిరి, తీగకు నూనె పోసి మల్ల బిగించిండు. గుంజిన, ఐదు. ఐదో పన్ను మీద లివరు రాయి లెక్క నిలబడ్డది. బండి కింది నుంచి బయటికి వచ్చి, మొద్దులు తీసి బండి దించి, ఇప్పుడు చెక్క గుంజెయ్ అన్నడు. నాకు చెయ్యి రాలే. తానే నా చేతి మీద చెయ్యి ఏసి తాడు గుంజిండు. వాలు మీద బండి కదల్లే, ఇసుమంత సుత.

బాపు జాకీ తీసి పక్కన పెట్టిండు. గీ పని నిరుడే చెయ్యాల్సింది, పూటంత పని సుత కాదు, చెక్క ఉన్నది, బిడ్డ ఉన్నది అని ఊకున్న అన్నడు. తన సిగ్గు తనకు ఉన్నదని నాకు అప్పుడు తెలిసింది. చేతులు తుడుచుకుంట, నాకైతే ఎర్కనే గని, గేటింటి అమ్మమ్మకు ఎర్కలేదు అన్నడు. చెప్పుపో అనలే. అంతవరకే అన్నడు.

ఆ పొద్దే పోయిన. అమ్మమ్మ ఎడమ చేత్తోని నీళ్ల బిందె లేపబోయి కిందా మీదా అవుతున్నది. బిందె అందుకున్న. తెల్లారి వాకిలి ఊడ్చిన. జొన్న రొట్టెలు చేసుడు రాకపోతే ఆమె పక్కన కూసొని నేర్పింది, నేను చేసిన. తల దువ్విన. కట్టు విప్పేదాకా రోజు పోయిన. రోజు చెప్దామనే పోయిన. నేను నోరు తెరిచేలోపే ఆమె, ఎంత బంగారం లాంటి పిల్లవే అనేది. దారిల పోయేటోళ్లను ఆపి మరీ చెప్పేది, తండ్రి చేసిన తప్పుకు బిడ్డ సేవ చేస్తున్నది చూడున్రి అని. తండ్రి చేసిన తప్పు అనేది. నేను బిందె ఎత్తుకొని బాయి దిక్కు పోయేదాన్ని.

కట్టు విప్పిననాడు పొద్దుమీకి అన్నం కాడ బాపు ఒక్కసారే అడిగిండు, చెప్పినవా అని. చెప్పిన అంటే అయిపోతుండె. ఆయన పోయి అడిగేటోడు కాదు. చెప్పలే అన్న. బాపు సరే అన్నడు. మెతుకు నోట్లె పెట్టుకున్నడు. ఇంకెన్నడు అడగలే. రెండేండ్లకు అమ్మమ్మ ప్రభువు దగ్గరికి పోయింది. ఆమె చెయ్యి చివరిదాకా జర వంకరనే ఉండె.

ఇప్పుడు నా కొడుకుకు ఒక పాత కారు ఉన్నది. ఎవలో వాడి అమ్మింది. మొన్న నన్ను ధర్మపురి దిక్కు చుట్టాలింటికి తీసుకుపోయినప్పుడు ఏటవాలు మీద ఆపితే అది మెల్లగ జరిగింది. నేను కూసున్న సీట్ల నుంచే పళ్లు లెక్కపెట్టిన. పది. రేపు చూపిస్త తియ్ అన్నడు. రేపు కాదు, ఇయ్యాల అన్న, నా అరుపుకు వాడే బెదిరిండు. ఆ పొద్దే మెకానిక్ దగ్గర నిలబడి బిగించుకొచ్చినం. అయినా డిక్కిల ఒక చెక్క పెట్టుకున్న. మనవరాళ్లు నవ్వుతరు, నానమ్మా నీకు పిచ్చి, బ్రేకు మంచిగుంది గదా అని. నవ్వుకోనీ.

మోకాళ్లు నొస్తయి. అయినా చెక్క నేనే పెడ్త, ఎవలను పెట్టనియ్య. పెట్టలే అని చెప్పాల్సిన ఒక్కామెకు చెప్పకపోతిని. అందుకే వంగి, టైరు కింద దూర్చి, మడిమెతోని రెండు సార్లు తన్ని, లేచి నిలబడి, ఎవలూ అడగకున్నా గట్టిగనే అంట, పెట్టిన అని.